టెట్ పాసైన టీచర్ దగ్గర పిల్లలకి చదువు ఎక్కువొస్తుందా?

పల్లెబడి ఎస్జీటీ:
నేను 2003 డీఎస్సీలో (ప్రభుత్వ టీచర్ల నియామకం) ఎస్జీటీగా, అంటే ప్రైమరీ టీచర్‌గా వచ్చినవాణ్ణి. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అందరూ చూసే ఉంటారు, రిటైర్మెంట్‌కి ఐదేళ్లకి మించి సర్వీసు ఉన్నవాళ్లు రెండేళ్లలో టెట్ (టీచర్ అర్హత పరీక్ష) పాస్ కావాలి, లేదంటే కంపల్సరీ రిటైర్మెంట్, ఐదేళ్లలోపు ఉన్నవాళ్లకి కొనసాగింపు ఉంది గానీ ప్రమోషన్ కావాలంటే వాళ్లకీ టెట్ తప్పదు. ఉద్యోగాల సంగతి యూనియన్ గ్రూపుల్లో రోజూ నడుస్తూనే ఉంది, ఇక్కడ అది వద్దు. నేను అడిగేది పిల్లల గురించి. 150 బిట్లలో 90 తెచ్చుకున్న టీచర్ దగ్గర మూడో తరగతి పిల్లోడికి ఒత్తులు బాగా వస్తాయా? మా బడిలో ఐదు తరగతులకీ నేనొక్కణ్ణే. ఒకటో తరగతి వాళ్ల చెయ్యి పట్టి గుణింతాలు దిద్దిస్తుంటే అవతల ఐదో తరగతి వాళ్లు భాగహారం మధ్యలో ఆగిపోయి నాకోసం చూస్తుంటారు. ఈ పని నాకు వచ్చో రాదో టెట్ పేపర్ చూసి చెప్పగలరా?

డైట్ చదివిన అక్క:
సార్ మీ బాధ అర్థమైంది కానీ టెట్‌నీ ట్రైనింగ్‌నీ ఒకే గాటన కట్టేయకండి. టెట్ రెండున్నర గంటల పరీక్ష, డీఎడ్ (డైట్ కాలేజీల్లో ఇచ్చే ప్రైమరీ టీచర్ ట్రైనింగ్) రెండేళ్ల పని. యాభై రెండు రాయరా అంటే 502 అని రాసే పిల్లలు మీకూ తగిలే ఉంటారు. ట్రైనింగ్ లేనివాళ్లు దానికి తప్పు కొట్టి పదిసార్లు రాయిస్తారు. ఆ పిల్లోడికి వచ్చింది యాభై, పక్కన రెండు, వాడు విన్నది విన్నట్టే రాశాడు, స్థాన విలువ ఇంకా ఎక్కలేదన్నమాట. పుల్లలు పదేసి కట్టలు కట్టించి ఐదు కట్టలు రెండు విడి పుల్లలు పెట్టిస్తే సర్దుకుంటుంది. ఇది నాకు డైట్‌లో నేర్పారు, డిగ్రీలో కాదు.

బీఎడ్ (హైస్కూల్ టీచర్ల ట్రైనింగ్) వాళ్లకి ఎస్జీటీ పోస్టులు తెరుస్తూ 2018 జూన్‌లో ఎన్‌సీటీఈ (టీచర్ల అర్హతలు నిర్ణయించే జాతీయ మండలి) ఇచ్చిన నోటిఫికేషన్ (చేరాక ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే చాలన్నారు) 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టులో నిలబడలేదు, కారణం కూడా ఇదే, చిన్నపిల్లలకి చెప్పడం వేరే పని, బీఎడ్ దానికి పై చదువు కాదు అని.

మాజీ విద్యా వలంటీర్:
అక్కా, నాకు డీఎడ్ లేకుండె, డిగ్రీ ఒక్కటే. రెండేండ్లు మా ఊరి బడిలనే విద్యా వలంటీర్‌గా, అంటే తాత్కాలిక టీచర్‌గా చేసిన. పొద్దుగాల తాళం నేనే తీస్తుంటి, ఎవలన్న రాకుంటే ఇంటికి పోయి తోల్కస్తుంటి. ట్రైనింగ్ ఉన్న రెగ్యులర్ సారు ముప్పై కిలోమీటర్ల నుంచి బస్సుల వస్తుండె, ఆయన తప్పు అంటలేను, కానీ బస్సు రాని నాడు ఆయన సర్టిఫికెట్ ఆ పిల్లలకు ఏం పనికొస్తది చెప్పు. నా దగ్గర ఎక్కాలు నేర్సుకున్నోళ్లు ఇయ్యాల ఇంటర్ చదువుతున్నరు.

లెక్కలు చూసేవాడు:
వలంటీర్ అన్న చెప్పినదానికి మన దగ్గరే రుజువుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 5 జిల్లాల్లో 500 పల్లె బడుల మీద లాటరీ పద్ధతిలో ప్రయోగాలు చేశారు. 100 బడులకి అదనంగా ఒక కాంట్రాక్ట్ టీచర్‌ని ఇచ్చారు, చదువూ ట్రైనింగూ రెగ్యులర్ వాళ్లకంటే తక్కువ, జీతం ఐదో వంతు కూడా లేదు. రెండేళ్ల తర్వాత ఆ బడుల పిల్లలు లెక్కల్లో 0.16, భాషలో 0.15 స్టాండర్డ్ డీవియేషన్లు ముందున్నారు. అంటే వందమందిని మార్కుల వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లోడు ఇంచుమించు ఆరుగురిని దాటినట్టు. బడికి రాకపోవడం కాంట్రాక్ట్ వాళ్లలో 18 శాతం, రెగ్యులర్ వాళ్లలో 27 శాతం.

కానీ అదే ప్రాజెక్టులో ఇంకోటి ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. కొన్ని బడుల్లో పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకి బోనస్ ఇచ్చారు. మామూలు బడుల్లో టీచర్ చదువుకీ ట్రైనింగుకీ పిల్లల ఎదుగుదలతో పెద్దగా సంబంధం కనపడలేదు, బోనస్ ఇచ్చిన బడుల్లో మాత్రం ఎక్కువ చదివిన, ట్రైనింగ్ ఉన్న టీచర్ల దగ్గర పిల్లలు ఎక్కువ ముందుకెళ్లారు. నాకైతే దీనర్థం ట్రైనింగ్ ఊరికే పోలేదు, లోపల ఉంది, బయటికి తీసే కారణం లేక పడుంది.

డైట్ చదివిన అక్క:
ఇదే నేను చెప్పేది. ఇంకోటి, ఆ 100 బడుల్లో ఉన్న టీచర్‌ని తీసేసి కాంట్రాక్ట్ మనిషిని పెట్టలేదు, ఇంకొకరిని *కలిపారు*. ఒక్కరు చేసే పని ఇద్దరు చేస్తే పిల్లలకి లాభం రాక ఏమవుతుంది. ఈ అంకెలు చూపించి రేపు ట్రైనింగ్ అక్కర్లేదు, తక్కువ జీతానికి ఎవరినైనా పెట్టేద్దాం అంటే మాత్రం ఒప్పుకోను, వలంటీర్ తమ్ముడూ నిన్ను అనట్లేదు, నీలాంటివాళ్లకి ఆ రెండేళ్ల ట్రైనింగ్ జీతంతో ఇప్పించి ఉంటే ఎంత బాగుండేదో.

మాజీ విద్యా వలంటీర్:
అట్ల ఇచ్చుంటే నేను ఇయ్యాల బడిలనే ఉందును అక్కా.

పల్లెబడి ఎస్జీటీ:
అందరికీ థ్యాంక్స్. నేను టెట్ రాస్తాను, చైల్డ్ డెవలప్‌మెంట్ పుస్తకం కొన్నాను కూడా. కానీ ఒక మాట అనకుండా ఉండలేను. టీచర్‌కి కనీస అర్హత ఉండాలన్నది విద్యాహక్కు చట్టమే, అరవై మందిలోపు పిల్లలున్నా ప్రైమరీ బడికి ఇద్దరు టీచర్లు ఉండాలన్నదీ అదే చట్టం. నాకు మొదటిదానికి రెండేళ్ల గడువు పెట్టారు, నా బడికి రెండో టీచర్ కోసం పెట్టుకున్న అర్జీకి ఏ గడువూ లేదు.

అక్కా, ఆ పుల్లల కట్టల పని ఒకటి, రెండు తరగతులని కలిపి కూర్చోబెట్టి చేయించొచ్చా? కట్టలు కట్టడం పెద్ద పిల్లలకి అప్పజెబితే ఆ పది నిమిషాలు నేను ఐదో తరగతి దగ్గరికి వెళ్లగలను. మీరు ఎలా చేయిస్తారో కాస్త వివరంగా రాయండి, సోమవారం మొదలుపెడతాను.