వరద హెచ్చరికల్లో క్యూసెక్కులు తీసేయాలా, ఉంచాలా?

గోదారిగట్టు:
ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. వీటితో పాటు టీవీలో లక్షల క్యూసెక్కులు పరిగెడుతుంటాయి. నది మధ్య లంకల్లో వాళ్లు ఇవాళే సామాన్లు సర్దుకోవాలా, రేపటిదాకా ఆగొచ్చా అన్నది మాత్రం ఉండదు. నా మాట: జనానికిచ్చే ప్రకటనలో క్యూసెక్కులు తీసేసి, ఏ కాజ్‌వే మునుగుతుంది, పశువుల్ని ఎప్పటికి గట్టెక్కించాలి అన్నవి చెబితే చాలు. లెక్కలు ఇంజనీర్లు చూసుకుంటారు. మీరేమంటారు?

ఫిజిక్స్ మాస్టారు:
కాజ్‌వే పేరు చెప్పాల్సిందే. అంకె తీసేయడానికి మాత్రం ఒప్పుకోను. వరద వచ్చినప్పుడల్లా "బ్యారేజీ గేట్లు ఎత్తేసి మనల్ని ముంచారు" అన్న మాట పుడుతుంది. దానికి జవాబు ఆ అంకెల్లోనే ఉంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీళ్లు, 28 లీటర్ల పైచిలుకు. 10 లక్షల క్యూసెక్కులు వస్తుంటే ఒక టీఎంసీకి (వంద కోట్ల ఘనపుటడుగులకు) వెయ్యి సెకన్లు, అంటే సుమారు 17 నిమిషాలు చాలు. ధవళేశ్వరం బ్యారేజీలో నిలిచేదే 3 టీఎంసీల దాకా. పూర్తిగా ఖాళీ చేసి ఉంచినా గంట తిరక్కుండా నిండిపోతుంది. ఇక 175 గేట్లూ ఎత్తి, వచ్చింది వచ్చినట్టు వదలడమే దారి. ఈ లెక్క హైస్కూలు పిల్లలు బోర్డు మీద చేసేస్తారు. ఇంటికెళ్లి పెద్దవాళ్లకి చెప్పేదీ వాళ్లే.

ముక్తేశ్వరం రేవు:
లెక్క బాగుంది మాస్టారూ. అర్ధరాత్రి వచ్చిన మెసేజ్ చూసి భాగహారం ఎవరు చేస్తారండీ? మా నాన్నగారు 1986లో నీళ్లు రామాలయం అరుగు మీద ఎక్కడిదాకా వచ్చాయో ఇప్పటికీ చూపిస్తారు. "2022 జులై కంటే ఇంత తక్కువ" అంటే ఊరంతటికీ తెలుస్తుంది.

నీటి చదువు:
పాత వరదతో పోల్చడం మంచిదే, కానీ ఒక చిక్కుంది. ధవళేశ్వరం దగ్గర 1986లో సుమారు 35 లక్షల క్యూసెక్కులు, 2022లో 26 లక్షలకు దగ్గరగా వచ్చాయి. ఆ మధ్యలో గట్లు ఎత్తు చేశారు, పాయల్లో ఇసుక మేటలు మారాయి. సముద్రం దగ్గరి ఊళ్లలో అమావాస్య, పున్నమి పోటు కలిస్తే వరద త్వరగా లాగదు. అందుకే "మీ ఊళ్లో ఇంత ఎత్తు" అని ఖాయంగా చెప్పడానికి శాస్త్రవేత్తలు వెనకాడతారు. జనానికది దాటవేతలా కనిపిస్తుంది. నేనైతే ఇలా చెప్పమంటాను: "అరుగు కిందిమెట్టు తడుస్తుంది. పోటు కలిస్తే పైమెట్టు దాకా రావచ్చు." ఖాయం కాదని చెబితే జనం కంగారుపడతారట! పోటూ పాటూ చూసుకుని పడవ తీసేవాళ్లండీ మనవాళ్లు. వాళ్లని అంత తక్కువగా చూడటం నాకు బాధగా ఉంటుంది.

గోదారిగట్టు:
పోటు సంగతి మెసేజ్‌లో ఉండాలి, ఒప్పుకుంటున్నాను. అంకె కావాలంటే చివర్లో పెట్టండి, ముందు మాత్రం వద్దు. కానీ ఏ మెట్టు ఎన్ని అడుగులకి తడుస్తుందో ఊరూరా రాసేదెవరు?

ఫిజిక్స్ మాస్టారు:
బడి పిల్లలు రాస్తారు. వరద దిగాక గోడ మీద మరక ఎక్కడుందో కొలిచి, ఆ పూట ధవళేశ్వరంలో ఎన్ని అడుగులుందో పక్కన వేసుకోవడమే. మీ ఊళ్లో 2022 మరక ఇంకా కనిపిస్తుంటే, సున్నం వేసేలోపు టేపు పెట్టి కొలిచి ఇక్కడ రాయండి.