అప్‌డేట్: శంషాబాద్ – దుబాయ్ ప్రయాణం, టికెట్ మీద టైమ్ లెక్క

అమ్మ టికెట్‌లో వెళ్ళేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు ఐదు గంటలు కనిపిస్తోంది, ఒకే దూరానికి ఇంత తేడా ఏంటని అడిగాను కదా. అమ్మ మొన్న తిరిగొచ్చింది. మీరు చెప్పిందే నిజం.

టికెట్ మీద ఎక్కడి టైమ్ అక్కడిదే వేస్తారు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. పొద్దున పదికి బయల్దేరి అక్కడ పన్నెండున్నరకి దిగడమంటే మన లెక్కలో మధ్యాహ్నం రెండు, అంటే నాలుగు గంటలు. వచ్చేటప్పుడు ఐదులోంచి గంటన్నర తీసేస్తే మూడున్నర.

మిగిలిన ఆ అరగంట తేడా గాలిది. దూరం రెండు వైపులా సుమారు 2,550 కిలోమీటర్లే, కానీ చలికాలంలో పైన పడమటి నుంచి తూర్పుకి గాలి గట్టిగా వీస్తుంది. వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకనుంచి తోపు. పైగా టికెట్ లెక్క గేటు నుంచి గేటు వరకు, రన్‌వే దాకా పాకే టైమ్ కూడా అందులోనే. అమ్మ విమానం కదిలాక ఇరవై నిమిషాలకి గానీ గాల్లోకి లేవలేదట.

నా అసలు టెన్షన్ అమ్మ షుగర్ మాత్ర గురించి. ఆవిడ మాత్రం చేతి వాచీ మార్చనే లేదు. మన ఒంటిగంటకి విమానంలోనే అన్నం తిని, మాత్ర వేసుకుని, దిగాక మా అక్కతో "ఇక్కడ ఇంకా పన్నెండున్నరేనా, మళ్ళీ తినమంటారా ఏంటి?" అందట.