దువ్వూరి చివర ఉన్న ‘ఇ’

ఊరి పేరు దువ్వూరు కదా, మరి ‘కవికోకిల’ బిరుదున్న కవి రామిరెడ్డిగారిని ‘దువ్వూరు రామిరెడ్డి’ అని రాస్తే తప్పేమిటని నిన్న ఒక మిత్రులు అడిగారు. తప్పే. ఊరు దువ్వూరే. నెల్లూరు జిల్లాలో ఒకటి, కడప జిల్లాలో ఒకటి ఉన్నాయి. ఇంటిపేరు మాత్రం దువ్వూరి.

ఊరు చెరువు అనం, ఊరి చెరువు అంటాం. కాలు కాలి మడమ అవుతుంది, ఏరు ఏటి ఒడ్డు అవుతుంది, చేయి చేతి గాజు అవుతుంది. ఈ ఇ, టి, తి వర్ణాలనే వ్యాకరణం ఔపవిభక్తికాలు అంటుంది. ‘యొక్క’ అనే బరువైన మాట అక్కరలేకుండా ఒక్క ఇకారం మనిషిని ఊరికి ముడివేస్తుంది. గరికపాడు గరికపాటి అయిందీ ఇలాగే. అసలు ‘ఇంటిపేరు’ అన్న మాటలోనే ఆ ‘టి’ ఉంది చూడండి!

నాకు ఈ ఇంటిపేరు మీద ప్రత్యేకమైన మమకారం. చిన్నయసూరి తెలుగు వ్యాకరణ గ్రంథమైన బాలవ్యాకరణానికి ‘రమణీయం’ అనే వివరణ రాసిన దువ్వూరి వెంకటరమణ శాస్త్రిగారిదీ ఇదే. సూత్రమంటే బెదిరిపోయే విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పినట్టుంటుంది ఆ పుస్తకం. ఔపవిభక్తికాలను విప్పిచెప్పిన పండితుడి పేరు మొదలయ్యేదే ఔపవిభక్తికంతో. ఆ సంగతి తట్టిన రోజు ఎంత సంతోషించానో!

ఇంటిపేరు ఒకటైతే బంధువులే అనుకోవడం మరో పొరపాటు. ‘కృషీవలుడు’ రాసి, ఉమర్ ఖయ్యాం రుబాయీలను ‘పానశాల’గా తెలుగు చేసిన రామిరెడ్డిగారు నెల్లూరు సీమ రైతు. సహాయ నిరాకరణ ఉద్యమంలో జైలుకు వెళ్లిన ‘దేశబాంధవి’ దువ్వూరి సుబ్బమ్మగారిది ద్రాక్షారామం. 2008 నుంచి 2013 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా పనిచేసిన దువ్వూరి సుబ్బారావుగారు ఏలూరులో పుట్టారు. కులాలు, ప్రాంతాలు వేరైనా పేరు ముందు నిలిచిన మాట ఒక్కటే.

అయితే అన్ని ఊళ్లూ ఇలా లొంగవు. రాయప్రోలు సుబ్బారావుగారు రాయప్రోలుగానే ఉన్నారు, ‘రాయప్రోలి’ కాలేదు. అక్కడ వాడుకదే పైచేయి. ‘ప్రోలు’తో ముగిసే ఇంటిపేర్లున్న సభ్యులు మీ ఇళ్లలోని పాత దస్తావేజులు ఒకసారి తిరగేయండి. ‘ప్రోలి’ అన్న రూపం ఎక్కడైనా కనిపిస్తే ఆ వాక్యాన్ని ఇక్కడ రాయండి.