అప్‌డేట్: వెనక గదికి వైఫై అందింది

పాలకొల్లులోని మా మండువా ఇంట్లో మెష్ వైఫై (ఇల్లంతా సిగ్నల్ అందేలా ఒకటికి మించి యూనిట్లు కలిసి పనిచేసే వైఫై) రెండో యూనిట్ మెయిన్ యూనిట్‌తో ఎంతకీ కలవడం లేదని పోయిన వారం అడిగాను కదండీ. ఇప్పుడు కలిసింది. మీలో ఒకరు చెప్పినట్టు దాన్ని రీసెట్ చేసి, మెయిన్ యూనిట్ పక్కనే పెట్టి జత చేస్తే వెంటనే కలిసిపోయింది. అంటే యూనిట్ పాడవలేదు, అడ్డం మా పాత గోడలే. అంత మందం గోడలు దాటేసరికి వైఫై వాడే రెండు రకాల సిగ్నళ్లలో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ నీరసించిపోతుంది, 2.4 గిగాహెర్ట్జ్ కాస్త నయం. వెనక గదిలో పెట్టగానే మళ్లీ తెగిపోయింది. దాంతో చూరు వెంట క్యాట్ 6 అనే నెట్‌వర్క్ కేబుల్ లాగించి రెండు యూనిట్లనూ కలిపాను. కేబుల్‌ను పైపులో వేయించాను, మా వైపు ముసురు పట్టిందంటే ఓ పట్టాన వదలదు. నిన్న అమ్మ ఆ గదిలోంచే మనవరాలితో గంటసేపు వీడియో కాల్ మాట్లాడింది, ఒక్కసారి కూడా ఆగలేదు. అందరికీ చాలా థాంక్స్ అండి.