నవంబర్ వానలో తిరుపతి: కెమెరా తేవాలా, ఇంట్లో పెట్టేయాలా?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. 300 రూపాయల దర్శనం టికెట్లు ఎప్పుడో బుక్ చేసుకున్నాం, నవంబర్ మూడో వారానికి. అమ్మ, నాన్న, నేను. తీరా ఇప్పుడు చూస్తే బంగాళాఖాతంలో అల్పపీడనం, తిరుపతి వైపు మూడు రోజులు వానలేనట. ప్రయాణం మానుకునే ప్రసక్తి లేదు. నా టెన్షనంతా కెమెరా గురించే. ఈ మధ్యే సెకండ్ హ్యాండ్‌లో ఒక మిర్రర్‌లెస్ కొన్నాను, దాంతో వచ్చిన మామూలు కిట్ లెన్స్ ఒక్కటే ఉంది, రెండింటికీ వెదర్ సీలింగ్ (వాన, దుమ్ము లోపలికి పోకుండా ఉండే ఏర్పాటు) లేదు. అమ్మేమో "దేవుడి దగ్గరికి వెళ్తున్నావా, ఫొటోలకి వెళ్తున్నావా" అంటోంది. తలకోన జలపాతం కూడా చూడాలని ఉంది. తెచ్చుకోమంటారా, ఫోన్‌తో సరిపెట్టుకోమంటారా?

అలిపిరి అబ్బాయి:

నవంబర్‌లో తిరుపతికి వస్తూ వాన ఉండకూడదంటే ఎట్లా సామీ? మాకు గట్టి వాన పడేదే ఈశాన్య రుతుపవనాలప్పుడు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. ఎండాకాలంలో వచ్చి కపిలతీర్థం చూసినవాళ్ళు ఇదేనా అంటారు, అదే నాలుగు రోజులు ముసురు పట్టిందంటే కొండ మీద నుంచి నీళ్ళు దూకే చప్పుడు రోడ్డు దాకా వినిపిస్తుంది. కెమెరా తీసుకురండి.

రెయిన్ కవర్ అని డబ్బులు పెట్టక్కర్లేదు. గట్టి పాలిథిన్ కవర్ ఒకటి తీసుకుని, అడుగున లెన్స్ పట్టేంత చిల్లు కోసి, లెన్స్ హుడ్ (లెన్స్ ముందు తగిలించే గొట్టంలాంటి తొడుగు) చుట్టూ రబ్బర్ బ్యాండ్ బిగించండి, వెనక తెరిచి ఉన్న వైపు నుంచి చేతులు పెట్టి తీసుకోవచ్చు. హుడ్ మాత్రం మర్చిపోకండి. ముందు అద్దం మీద ఒక్క చుక్క పడినా ఫొటోలో మసక మచ్చ వస్తుంది, తీసేటప్పుడు చిన్న స్క్రీన్‌లో అది కనిపించదు, ఇంటికెళ్ళి చూసుకుంటే వంద ఫొటోల్లోనూ అదే మచ్చ! మెత్తటి గుడ్డలు రెండు మూడు పెట్టుకోండి, ఒకటి తడిశాక దాంతో తుడిస్తే ఇంకా అలుకుతుంది. నడిచేటప్పుడు లెన్స్ నేల వైపు ఉండాలి.

గుడి లోపలికి కెమెరా, ఫోన్ రెండూ పోనివ్వరు, గదిలోనే పెట్టి క్యూకి వెళ్ళడం మేలు. తిరుమలలో డ్రోన్ మాట అసలెత్తకండి. ఘాట్ రోడ్డులో మంచు బాగుందని కారు ఆపొద్దు, వెనకొచ్చే బస్సు డ్రైవర్‌కి ఆ మంచులో మీరు కనపడరు.

మామిడితోట చిత్తూరు:

పైన అన్న చెప్పిందంతా నిజమే కానీ వాన కంటే పెద్ద శత్రువు ఇంకోటుంది, ఏసీ గది. రాత్రంతా ఏసీలో చల్లబడిన కెమెరాని పొద్దున్నే బయటి తేమలోకి తీసుకొస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, తుడిచే కొద్దీ మళ్ళీ పడుతుంది, ఒక్కోసారి లోపలి అద్దాల మీద కూడా. బయల్దేరే అరగంట ముందు జిప్ మూసిన బ్యాగుతో సహా వరండాలో పెట్టేయండి, మెల్లగా బయటి వేడికి వస్తుంది. లెన్స్ మార్చే పని మీకు ఎలాగూ లేదు, ఒక రకంగా అదృష్టమే.

నా కథ చెప్తా. తలకోనలో తడిసిన లెన్స్‌ని పైపైన తుడిచి, తడి బ్యాగుతోనే తీసుకెళ్ళి బీరువాలో పెట్టేశాను. పెళ్ళి పనుల్లో పడి రెండు నెలలు ముట్టుకోలేదు. తీసి దీపం ముందు పెట్టి చూస్తే లోపల సాలెగూడులా ఫంగస్. బాగుచేసే ఆయన "ఈ డబ్బుతో ఇంకోటి వస్తుంది సార్" అని చేతిలో పెట్టేశాడు. ఇప్పుడు గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో తేమ పీల్చే సిలికా జెల్. రంగు మారే రకం కొనండి, మారినప్పుడు వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. బియ్యంలో పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. తౌడు, దుమ్ము సందుల్లోకి పోవడం తప్ప ఒరిగేది లేదు.

ఫోన్ చాలు బ్రదర్:

అమ్మానాన్నల్ని వానలో పట్టుకుని తిరుగుతూ ఈ పాలిథిన్ కవర్లు, గుడ్డలు ఎందుకండీ, ఫోన్ చాలదా. ఐపీ68 (నీళ్ళు, దుమ్ము లోపలికి పోవని చెప్పే రేటింగ్) ఉంటే వానకి తట్టుకుంటుంది. కానీ ఆ పరీక్ష కదలని మంచినీళ్ళలో చేసేది, జలపాతం కింద పెట్టమని కాదు, ఫోన్ పాతబడే కొద్దీ ఆ సీలూ సడలుతుంది. తడి వేళ్ళకి టచ్ మొరాయిస్తుంది కాబట్టి వాల్యూమ్ బటన్‌తో క్లిక్ చేయండి. పోర్ట్ ఆరే దాకా చార్జింగ్ పెట్టకండి.

అలిపిరి అబ్బాయి:

ఫోన్ సరే గానీ, మంచులో కొండ తీసి చూడు, ఎక్కడ ఫోకస్ చేయాలో తెలియక అదే తికమక పడుతుంది.

గోదారిగట్టు గారూ, కొన్ని సెట్టింగులు. వాన చుక్కలు విడివిడిగా కనపడాలంటే షట్టర్ స్పీడ్ 1/500 సెకను దగ్గర, గీతల్లా కావాలంటే 1/30 దగ్గర పెట్టండి, వెనక నల్లటి చెట్లో తలుపో ఉండాలి, తెల్లటి ఆకాశం ముందు వాన కనపడనే కనపడదు. ఫ్లాష్ ఆపేయండి, లేకపోతే చుక్కలన్నీ తెల్ల బంతులైపోతాయి. మంచు ఫొటోలు బూడిద రంగులో వస్తుంటే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుతురు రెట్టింపు) పెంచండి. పోలరైజర్ (లెన్స్ ముందు బిగించే ఫిల్టర్) దొరికితే తెచ్చుకోండి, తడి ఆకుల మీద మెరుపు తగ్గి అసలు పచ్చదనం వస్తుంది. కాకపోతే వెలుతురు ఒకటి రెండు స్టాప్‌లు తినేస్తుంది.

అసలు ఫొటోలు వానలో కాదు, వాన ఆగిన అరగంటలో. మబ్బులు శేషాచలం కొండల మీద నుంచి ముక్కలు ముక్కలుగా లేస్తుంటాయి, అది ఊళ్ళో ఏ మేడ మీద నుంచైనా కనపడుతుంది. చంద్రగిరి కోటకి అప్పుడు పోతే రాజమహల్ ముందు నీళ్ళు నిలిచి ఉంటాయి, కెమెరా నేలకి ఆనించి తీయండి.

తలకోన మాత్రం గట్టి వానలో వద్దు. అటవీ శాఖ వాళ్ళు మూసేస్తే వాళ్ళతో వాదించకండి. 2021 నవంబర్ వానలకి తిరుమలకి నడిచెక్కే శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని నెలల తరబడి మూసేశారు, నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయో తెలియదు. ఉరుములు వినపడితే ట్రైపాడ్ మడిచేయండి.

గోదారిగట్టు (పది రోజుల తర్వాత):

వెళ్ళొచ్చాం. తలకోన మూసేశారు, ఊహించిందే. మొదటి రోజు కెమెరా బయటికే తీయలేదు, వాన కాదది, కుండపోత. రెండో రోజు పాలిథిన్ కవర్ గాలికి చిరిగిపోతే హోటల్ బాత్రూంలో ఇచ్చిన షవర్ క్యాప్ తొడిగాను, బాగానే పనిచేసింది. ఏసీ సంగతి విని కూడా ఒక పూట మర్చిపోయాను, కపిలతీర్థంలో పావుగంట లెన్స్ ఆరే దాకా నిలబడ్డాను.

ఒక్క ఫొటో మాత్రం వచ్చింది. అలిపిరి మెట్ల దగ్గర ఒక ముసలావిడ, నెత్తిన యూరియా సంచి కప్పుకుని మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెడుతోంది. పెట్టింది పెట్టినట్టు వాన కడిగేస్తోంది, పసుపూ ఎరుపూ కలిసి కింది మెట్లకి కారుతున్నాయి. తీసుకోవచ్చా అవ్వా అంటే తలూపి, పనిలో పడిపోయింది. ఆ కాసేపూ గొడుగు పట్టింది మా అమ్మే. ఇప్పుడు ఆ ఫొటో ఫ్రేమ్ కట్టించమని ఆవిడే రోజూ అడుగుతోంది.

మామిడితోట చిత్తూరు:

కట్టించండి. బ్యాగు ఆరబెట్టారా లేదా, అది చెప్పండి ముందు.