అమెరికాలో మన తెలుగు సంఘం శనివారం హెల్త్ క్యాంప్: హాల్ వాళ్లు కాదన్నారు

సెక్రటరీ: అందరూ చూడండి, అర్జెంట్. హాల్ మేనేజర్ ఇప్పుడే ఫోన్ చేశారు. ఇన్సూరెన్స్ కాగితం లేకుండా క్యాంప్ పెట్టనివ్వరట. వేలికి సూది గుచ్చి షుగర్ చూడటానికి కావాల్సిన ప్రభుత్వ అనుమతి, క్లియా సర్టిఫికెట్ కూడా మనకింకా రాలేదు. ఉన్నది మూడు రోజులు. 64 మంది పెద్దవాళ్లు పేర్లిచ్చారు.

కోశాధికారి: ఇన్సూరెన్స్‌కి ఇప్పుడు డబ్బు సర్దలేనండీ. ఉగాదితో కలిపి పెట్టుకుందాం.

యూత్ టీమ్: ఉగాది డీజేకి సర్దగలిగారు కదన్నా! అమ్మానాన్నల దగ్గరికొచ్చేసరికే లేవా?

కోశాధికారి: అది స్పాన్సర్ ఇచ్చిన డబ్బు తమ్ముడూ. లెక్క నీ ముందే పెట్టాను. ఆ మాట బాగాలేదు.

ఫార్మసిస్ట్ అక్క: ఇద్దరూ ఆగండి. సూది లేకపోయినా చేయగలిగింది చాలా ఉంది. మొన్న మా అత్తయ్య మందుల డబ్బా తెరిచాను. ఇండియా నుంచి తెచ్చుకున్న గ్లైకోమెట్ స్ట్రిప్పులు, పక్కనే ఇక్కడి డాక్టర్ రాసిన మెట్‌ఫార్మిన్. రెండూ ఒకటే షుగర్ మందు. ఆరు నెలలుగా రెండూ వేసుకుంటున్నారు! తిండి సయించట్లేదంటే వయసు అనుకున్నాం. అందరినీ మందుల సంచులు తెమ్మందాం, నేను కూర్చుని చూస్తాను. మా గరాజ్ ఖాళీ చేయిస్తా.

సెక్రటరీ: గరాజ్‌లో 64 మందా?

ఫార్మసిస్ట్ అక్క: గంటకి పదిమందిని రమ్మందాం.

ఫుడ్ కమిటీ: ఇంకోటి వదినా. మా అమ్మకి బ్లీడింగ్ అవుతుంటే, డాక్టర్ దగ్గర తన మాట ఇంగ్లీషులో చెప్పే అన్నయ్య ముందు చెప్పలేక తలూపి వచ్చేసింది. ఫెడరల్ ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఇంటర్‌ప్రెటర్‌ని, అంటే మాట తర్జుమా చేసేవాళ్లని, ఉచితంగా ఇవ్వాలని మాకప్పుడు తెలీదు. ‘నాకు తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి’ అని ఇంగ్లీషులో చీటీలు కొట్టించి ఒక్కొక్కరి చేతిలో పెడదాం.

యూత్ టీమ్: ప్రింటింగ్ నాది. అన్నా, మాట జారాను. సారీ.

కోశాధికారి: పర్లేదులే. మెడికేర్, అదే పెద్దవాళ్లకి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా, ఆ టేబుల్ దగ్గర నేను కూర్చుంటా. ఇక్కడ ఉద్యోగం చేయని తల్లిదండ్రులకి 65 నిండినా, గ్రీన్‌కార్డ్‌తో వరసగా ఐదేళ్లు ఉంటే గానీ రాదు. ఈలోగా విజిటర్ ఇన్సూరెన్స్ కొంటున్నారు, పాత బీపీ, షుగర్లకి అది చాలావరకు పనికిరాదు. మా నాన్నతో పడ్డాను, తెలుసు.

సెక్రటరీ: టెంట్, బ్యానర్ ఎవరు చూస్తున్నారు?

ఫుడ్ కమిటీ: ఆ లిస్టు తెరవనే లేదండీ. పులిహోర అమ్మ చేస్తానంది.

యూత్ టీమ్: ఫోన్లు మొదలుపెట్టా. ఇప్పటికి 19 మందికి చెప్పాను. మాత్రలు విడిగా మూటకట్టి తేవద్దు, పేరు కనపడేలా డబ్బాలతో, స్ట్రిప్పులతో తెమ్మంటున్నా.