ఇంట్లో ఫొటో ప్రింట్లకు 12 మెగాపిక్సెళ్లు చాలవా, 24 ఉండాల్సిందేనా?

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం):
చాలు. చేతిలో పట్టుకుని చూసే ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెళ్లు ఉంటే కంటికి అంతకు మించి అక్కర్లేదు. 4×6 అంగుళాల ప్రింటుకి 1800×1200 పిక్సెళ్లు, అంటే 2 మెగాపిక్సెళ్ల పైచిలుకు (ఒక మెగాపిక్సెల్ అంటే పది లక్షల పిక్సెళ్లు). 8×12కి 3600×2400, దాదాపు 9. 12 మెగాపిక్సెళ్ల ఫొటో 4000×3000 వస్తుంది. ఇళ్లలో ఉండేవి ఏ4 (సుమారు 8×12) ప్రింటర్లేగా! 24 కోసం పెట్టే డబ్బు మంచి గ్లాసీ పేపరు మీద, ఒరిజినల్ ఇంకు మీద పెట్టండి.

టెక్కలి_కొంగ:
నాగావళి గారూ, ఫ్రేము మొత్తం ప్రింటు వేసినప్పుడే మీ లెక్క. తేలినీలాపురం పక్షుల కేంద్రంలో చెట్టు మీది గూడబాతు ఫ్రేము వెడల్పులో నాలుగో వంతే ఉందనుకోండి. అంతవరకు కత్తిరిస్తే (క్రాప్ చేస్తే) 12లో మిగిలేది 1000 పిక్సెళ్లు, 24లో (అది 6000×4000) 1500. 4×6 వేస్తే అంగుళానికి ఒకదానిలో 167, రెండోదానిలో 250. ఈకల దగ్గర తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. విజయనగరం సిరిమాను ఉత్సవమూ అంతే. జనంలోంచి తీస్తే మాను చివర కూర్చున్న పూజారి గారు వేలెడంత ఉంటారు.

కోట_జంక్షన్ (విజయనగరం):
అన్నా, 4000కి 6000 అంటే ఒకటిన్నర రెట్లే. 200 ఎంఎం లెన్సు తీసి 400 పెడితే పక్షి రెండు రెట్లు పెద్దదవుతుంది. దూరానికి మందు లెన్సే. ఇక సిరిమానుకి వెలుగు తగ్గే వేళ షట్టరు సెకనులో 1/250 వంతు కన్నా నెమ్మదిస్తే, కదిలే మాను మీద మొహం అలుక్కుపోతుంది. అది 24లో తీసినా అలుకే.

టెక్కలి_కొంగ:
400 లెన్సు ధర కూడా చెప్పండి మరి! అది కొనలేనివాళ్లకు క్రాప్ ఒక్కటే దారి. నా మాట మారదు.

పలాస_జీడి:
మా ఫోను 50 అంటాది. ఏటి దాని సంగతి?

నాగావళి_ఒడ్డు:
మామూలుగా నాలుగేసి పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12.5 ఇస్తుంది బాబూ. పూర్తి 50 మోడ్ పట్టపగలైతే కాస్త పనికొస్తుంది, చీకట్లో నాయిస్ (గరుకు చుక్కలు) పెరుగుతుంది. డిజిటల్ జూమ్ మాత్రం ముట్టుకోవద్దు, అదీ క్రాపే.

కోట_జంక్షన్:
ప్రింట్లు పాడయ్యేది ఎక్కువగా కెమెరా దాటాకే. వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదిస్తుంది. 8×12 వేస్తే అంగుళానికి 133, మెత్తగా (మసకగా) వస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి. ఫైల్లో డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు) అంకె 72 నుంచి 300కి మార్చినంత మాత్రాన పిక్సెళ్లు పెరగవు.

ఆకారం సంగతీ చూసుకోండి. ఫోను ఫొటో 4:3, 4×6 పేపరు 3:2. పేపరు నిండా వేస్తే 3000లో 333 పిక్సెళ్లు పోతాయి. గ్రూప్ ఫొటోలో పై వరస తలలు తెగేది అందుకే. తీసేటప్పుడే పైనా కిందా ఖాళీ వదలండి, లేదా అంచు తెలుపుతో వేయమనండి.

టెక్కలి_కొంగ:
ఇది ఒప్పుకుంటా. మరి గోడకు 12×18?

కోట_జంక్షన్:
12 మెగాపిక్సెళ్లలో అంగుళానికి 222 పడతాయి. మూడడుగుల దూరం నుంచి చూసే ఫొటోకి ఫరవాలేదు. అనుమానముంటే ఫొటోలో మొహాలున్న చోట 1333×889 ముక్క క్రాప్ చేసి 4×6 మీద వేయించండి. 12×18లో ఆ భాగం సరిగ్గా అదే సైజులో పడుతుంది. గోడ మీద ఆనించి, మీరు చూసే దూరంలో నిలబడి చూడండి. మెత్తగా కనిపిస్తే 8×12తో ఆపేయండి.